బాథర్స్ట్ తొలి వలసదారులు, పటాలాలు, విరాజురి జనం: తెలిసినవాళ్లు చెప్పండి

సిడ్నీవాసి:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి బడిలో బాథర్స్ట్ ప్రాంతపు తొలి వలసదారుల గురించి రాసుకు రమ్మన్నారు. మేముండే సిడ్నీకి పడమరగా, కొండలు దాటాక, సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుందీ ఊరు. పిల్ల దగ్గరున్న కాగితంలో కథ ఇంతే: 1813లో ముగ్గురు దొరలు బ్లూ మౌంటెన్స్ దాటి బాథర్స్ట్‌ను కనిపెట్టారు, 1815లో ఊరు వెలిసింది, గొర్రెలు పెరిగాయి, సైనికులు రక్షణ కల్పించారు, 1851లో దగ్గర్లో బంగారం దొరికింది. అది చదివి "రక్షణ ఎవరి నుంచి నాన్నా?" అని అడిగింది. మన వేదికలో చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కదా, వివరంగా చెబుతారని ఆశ.

పాతరాతలు:
మీ అమ్మాయి ప్రశ్నకు వస్తాను. ముందు ఆ కాగితంలోని మొదటి వాక్యాన్ని సరిచేయాలి. బ్లాక్స్‌లాండ్, లాసన్, వెంట్‌వర్త్ అనే ఆ ముగ్గురూ 1813 మే నెలలో కొండ దాటిన మాట నిజమే కానీ బాథర్స్ట్ మైదానం దాకా రానేలేదు. దిగువన పచ్చిక కనిపించగానే వెనుదిరిగారు. అదే ఏడాది చివర్లో న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ మక్వారీ పంపగా వచ్చిన సర్వేయరు జార్జి ఎవాన్స్ ఈ మైదానాన్ని, ఇక్కడి నదిని చూసిన మొదటి తెల్లవాడు. నదికి తన గవర్నరు పేరే పెట్టాడు. ఈ ప్రాంతపు ఆదివాసులైన విరాజురి జనం దానికి పెట్టుకున్న వంబూల్ అనే పేరు అప్పటికే ఉంది. ఊరి పేరు కూడా అలాగే వచ్చింది. లండన్‌లో యుద్ధ, వలసల శాఖ మంత్రిగా ఉన్న బాథర్స్ట్ ప్రభువు ఈ నేల ముఖం ఎన్నడూ చూడలేదు.

తర్వాత దారి. విలియం కాక్స్ అనే ఆయన బ్రిటన్ నుంచి శిక్ష పడి ఓడల్లో వచ్చిన 30 మంది ఖైదీలతో, కాపలాకు 8 మంది సైనికులతో 1814 జులైలో పని మొదలుపెట్టి 1815 జనవరికి 101 మైళ్ల బాట వేశాడు. పారలు, గడ్డపారలు, కొంచెం తుపాకి మందు తప్ప వాళ్ల చేతిలో ఏమీ లేదు. పనికి ప్రతిఫలం స్వేచ్ఛ. అందుకే ఆరు నెలల్లో అయిపోయింది! ఆ బాట మీద మక్వారీ స్వయంగా వచ్చి 1815 మే 7న జెండా ఎగరేసి ఊరికి పేరు పెట్టాడు.

ఆ ప్రయాణంలో ఆయన రాసుకున్న దినచర్యలో ఒక చిన్న విషయం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. కొందరు విరాజురి మగవాళ్లు, కుర్రవాళ్లు విడిదికి వచ్చారు. పోసమ్ అనే చెట్టెక్కే జంతువు చర్మాలను చక్కగా కుట్టి చేసిన దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. వాళ్లలో దృఢంగా, అందంగా ఉన్న ఒకతనికి గవర్నరు పసుపు రంగు గుడ్డ ముక్క ఇస్తే, అతను తన దుప్పటి తీసి ఇచ్చాడు. చలికాలం ముంగిట, బాథర్స్ట్ లాంటి చలి ఊళ్లో, ఎవరికి లాభసాటి బేరమో మీరే చెప్పండి.

సిడ్నీవాసి:
మరి వలసదారులు ఎప్పుడొచ్చారు?

పాతరాతలు:
మక్వారీ ఈ విషయంలో చేయి బిగించి ఉంచాడు. 1818లో పది మందికి మాత్రం నది తూర్పు ఒడ్డున, ఇప్పుడు కెల్సో అంటున్న చోట, తలకు 50 ఎకరాల చొప్పున ఇచ్చాడు. వాళ్లలో విలియం లీ ఈ వలస రాజ్యంలోనే పుట్టినవాడు. థామస్ కైట్ శిక్ష పడి ఓడలో వచ్చిన ఖైదీ, చివరికి ఈ జిల్లాలో పెద్ద భూస్వాముల్లో ఒకడయ్యాడు. నదికి పడమటి ఒడ్డు ప్రభుత్వానిది: సైనికులు, ధాన్యపు కొట్లు, ప్రభుత్వ పశువులు, వాటిని కాసే ఖైదీలు.

1821 చివర్లో థామస్ బ్రిస్బేన్ గవర్నరు అయ్యాక గేటు తెరిచేశారు. పశువులు మేపుకోవడానికి అనుమతి చీటీలు ఇచ్చారు. 1820లో 114 మంది ఉన్న తెల్లవాళ్లు 1824కి 1,267 మంది అయ్యారు. కొద్ది ఏళ్లలో వాళ్ల చేతికి వెళ్లిన భూమి 2,520 ఎకరాల నుంచి 91,636 ఎకరాలకు పెరిగింది. భూస్వాములు చాలామంది సిడ్నీ వైపే ఉండిపోయేవారు. ఇక్కడ ఉండేది గుడిసెలో ఇద్దరు ముగ్గురు ఖైదీ కాపరులు, చేతిలో ఒక తుపాకి. మిగతా కథ అర్థం కావాలంటే ఈ దృశ్యం కళ్లముందు ఉండాలి.

దత్తమండలం:
మంచి చర్చ. మా కర్నూలు వైపు వాళ్లకు ఈ కాలం బాగా తెలిసినదే. 1820 నుంచి 1827లో పత్తికొండలో కలరాతో పోయేదాకా మద్రాసు గవర్నరు థామస్ మన్రో. అంటే అటు బ్రిస్బేన్, ఇటు మన్రో ఒకే కాలపు గవర్నర్లు. మన దగ్గరా పాళెగాళ్లను అణచారు, భూమి కొలిచారు. రెండు చోట్లా జరిగింది ఒకటే కదా?

మెల్‌బోర్న్ మాస్టారు:
ఒకటి కాదండీ. మన్రో దొరకు కావలసింది శిస్తు. శిస్తు కట్టాలంటే రైతు ఊళ్లో ఉండాలి, నాగలి ఆడాలి. రైతు ఊరు వదిలిపోతే కలెక్టరు బతిమాలి వెనక్కి పిలిపించుకున్న రోజులవి. ఇక్కడ కావలసింది గడ్డి. గడ్డికి మనుషులు అక్కర్లేదు, గొర్రెలు చాలు. పని చేయడానికి ఓడల నిండా ఖైదీలు వస్తున్నారు. అందుకే ఈ నేలకు అసలు యజమానులే లేరన్నట్టు చట్టం నడిచింది. శిస్తు కోసం దోచుకోవడం వేరు, లేనివాళ్లుగా లెక్కగట్టడం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే ఇక్కడివాళ్ల కష్టం ఏమిటో మనకు బోధపడదు.

తంగేడు:
మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. విరాజురి వాళ్లు ఉత్తినే తిరుగుతూ ఉండేవాళ్లు కాదు. తమను మూడు నదుల జనం అనుకుంటారు: వంబూల్, ఇప్పుడు లాక్లన్ అంటున్న గలారి, మర్రంబిడ్జి. వాళ్ల ఆడవాళ్లు కర్రతో తవ్వి తీసే దుంపలు రోజువారీ కూడు. పచ్చిక కొత్తగా చిగురించి కంగారూలు రావాలని కాలం చూసి గడ్డి తగలబెట్టేవారు. గొర్రెల మంద ఒక్క ఏడాది మేస్తే ఆ దుంపల నేల గట్టిపడి బండ అయిపోతుంది. కంగారూలను కాపరులు కుక్కలతో తరిమేశారు. అప్పుడిక కాపరి గుడిసెలోని పిండి బస్తా, మందలోని ఎద్దు తప్ప తినడానికి మిగిలిందేమిటి? 'దొంగతనం' అని రాసిన ప్రతిచోటా ఇది గుర్తుంచుకుంటే బాగుంటుంది.

పాతరాతలు:
తంగేడు గారు సరిగ్గా మొదలుపెట్టారు. 1822 నుంచే కడ్జిగాంగ్ నది వైపు కాపరుల మీద దాడులు జరిగాయి. విరాజురి నాయకుడు విండ్రడైన్ పేరు అప్పటినుంచే వినిపిస్తుంది. తెల్లవాళ్లు అతన్ని 'సాటర్‌డే' అని పిలిచేవారు. 1823 చివర్లో పట్టుకున్నారు. లొంగదీయడానికి ఆరుగురు మనుషులు కావలసి వచ్చిందనీ, తుపాకి మడమతో కొట్టాల్సి వచ్చిందనీ సిడ్నీ పత్రిక రాసింది. నెల రోజులు ఇనుప సంకెళ్లలో ఉంచి వదిలేశారు.

1824లో కథ ముదిరింది. కెల్సో దగ్గర ఒక రైతు తన పొలం పక్కగా పోతున్న విరాజురి కుటుంబాలకు సరదాగా నాలుగు బంగాళాదుంపలు ఇచ్చాడట. మర్నాడు వాళ్లు మళ్లీ వచ్చి తామే తవ్వుకోసాగారు. భూమిలో ఉన్న దుంప తవ్వినవాడిది అన్నది వాళ్ల లెక్క. అతను కేకలు వేసి ఇరుగుపొరుగును పోగుచేశాడు, తుపాకులు పేలాయి, చనిపోయినవాళ్లలో విండ్రడైన్ బంధువులూ ఉన్నారని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. మే 24 ప్రాంతంలో విండ్రడైన్ మనుషులు మిల్లా ముర్రా తదితర పశువుల స్థావరాల మీద పడి ఏడుగురు కాపరులను చంపారు, గుడిసెలు కాల్చారు. ప్రతీకారంగా గుర్రాల మీద వెళ్లిన తెల్లవాళ్లు ముగ్గురు విరాజురి స్త్రీలను చంపారు. ఐదుగురిని కోర్టుకు తెచ్చారు. ఆగస్టులో అందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు.

ఆ తీర్పు వెలువడిన కొద్ది రోజులకే, ఆగస్టు 14న, బ్లూ మౌంటెన్స్‌లోని మౌంట్ యార్క్‌కు పడమరనున్న దేశమంతటా బ్రిస్బేన్ మార్షల్ లా, అంటే సైనిక చట్టం, ప్రకటించాడు. మేజర్ మోరిసెట్ చేతికింద 40వ పటాలం నుంచి 75 మంది సైనికులు. చిన్న చిన్న జట్లుగా, ఒక్కో జట్టు వెంట ఒక మేజిస్ట్రేటు. విండ్రడైన్‌ను పట్టిచ్చినవారికి 500 ఎకరాలు బహుమానం. మార్షల్ లా డిసెంబరు 11 దాకా నడిచింది.

ఎదురుగాలి:
నాకో సందేహం. 75 మంది సైనికులు, నాలుగు నెలలు, చెప్పుకోదగ్గ పోరు ఒక్కటీ లేదు. దీన్ని 'యుద్ధం' అనడం ఈ కాలపు అలవాటు కాదా? కాపరులను చంపినవాళ్లను పట్టుకోవడం శాంతిభద్రతల పని. ఏ ప్రభుత్వమైనా చేసేదే. గవర్నరు ప్రకటనలో స్త్రీలను, పిల్లలను విడిచిపెట్టాలనీ, క్రూరత్వం ఎన్నడూ న్యాయం కాదనీ ఉంది కూడా.

మెల్‌బోర్న్ మాస్టారు:
ప్రకటనలో ఆ మాటలున్న సంగతి నిజమే. కానీ ఎదురుగాలి గారూ, మీరు వేసిన ప్రశ్నకు జవాబు ఆ ప్రకటన అవసరం కావడంలోనే ఉంది. చట్టం ప్రకారం విరాజురీలు రాజు ప్రజలు. ప్రజలను సైనికుడు కాల్చాలంటే మామూలు చట్టాన్ని పక్కన పెట్టాలి. దొంగను పట్టుకోవడానికి పోలీసు, మేజిస్ట్రేటు సరిపోతారు, మార్షల్ లా అక్కర్లేదు. అదే సమయంలో కోర్టులో వాళ్ల సాక్ష్యం చెల్లేది కాదు, బైబిలు మీద ప్రమాణం చేయలేరని. ముగ్గురు స్త్రీలను చంపిన కేసులో చూసినవాళ్లు చెప్పడానికి వీల్లేదు. చంపడానికి మాత్రం వాళ్లు తిరుగుబాటు చేసిన ప్రజలయ్యారు! ఈ మెలిక అర్థమైతే యుద్ధమా కాదా అన్న మాట దానంతట అదే తేలిపోతుంది.

ఇక పోరు లేదంటారా, విండ్రడైన్ వాళ్లు ఎదురెదురుగా వరుస కట్టి నిలబడతారా? చిన్న గుంపులుగా వచ్చి, విసిరికొట్టినట్టున్న గుడిసెల మీద పడి, కొండల్లోకి మాయమయ్యేవారు. కాలినడకన పోయే ఎర్రకోటు సైనికులు మైదానంలో వాళ్లను అందుకోలేరు. అందుకే బ్రిస్బేన్ గుర్రపు దళం కావాలని లండన్‌ను అడిగాడు. మరుసటి ఏడాది, 1825లో, పటాలాల్లోంచి మనుషులను తీసి అశ్విక పోలీసు దళం పెట్టారు. శాంతిభద్రతల పనికి పెట్టిన ఆ దళం కూడా ఈ పోరులోంచే పుట్టింది చూడండి.

ఎదురుగాలి:
కోర్టు సంగతి నేను ఆలోచించలేదు. అది బలమైన వాదనే. అయినా ఎంతమంది చనిపోయారన్న లెక్క లేకుండా పెద్ద మాటలు వాడటం నాకు ఇష్టం ఉండదు.

తంగేడు:
లెక్క రాయవలసిన చేతిలోనే తుపాకి కూడా ఉంది. మోరిసెట్ జట్లు ఎవరిని ఎక్కడ కాల్చాయో అధికార పత్రాల్లో లేదు. అంతమాత్రాన సున్నా అనుకోవాలా?

ఒక్క సంగతి మాత్రం ఉంది. డిసెంబరు 28న విండ్రడైన్ తనవాళ్లతో కొండలు దాటి, సిడ్నీ దగ్గరి పర్రమట్టాలో గవర్నరు ఏటా ఇచ్చే విందుకు నడిచి వచ్చాడు. తల మీద గడ్డి టోపీ, దాని మీద 'శాంతి' అని ఇంగ్లీషులో రాసిన అట్ట, పక్కనే ఒక చిన్న ఆకురెమ్మ. 500 ఎకరాల వెల ఉన్న మనిషి, పట్టపగలు, అందరి మధ్యకు! అతని వెంట చాలామంది వచ్చారు. ఆ జనమంతా వంద మైళ్లకు పైగా నడిచి వచ్చారంటే వెనుక ఏం చూసి వచ్చారో ఊహించవచ్చు.

పటాలాల పిచ్చి:
ఇంతసేపూ నోరు మూసుకుని చదివాను, ఇక ఆగలేను. మీరందరూ ఒక ముఖ్యమైన దారాన్ని వదిలేస్తున్నారు. ఈ సైనికులు ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి పోయారు?

ఆ రోజుల్లో బ్రిటిష్ పటాలం ఖైదీల ఓడలకు కాపలాగా సిడ్నీ వచ్చేది, కొన్నేళ్లు ఇక్కడ ఉండేది, ఆ తర్వాత ఓడెక్కి భారతదేశానికి పోయేది. 46వ పటాలం 1814లో వచ్చింది. 1816 ఏప్రిల్‌లో సిడ్నీ నైరుతిన అప్పిన్ దగ్గర కెప్టెన్ వాలిస్ నడిపిన దాని జట్టు రాత్రిపూట విడిది మీద పడి కనీసం 14 మందిని చంపింది. దాని తర్వాతి మజిలీ మద్రాసు. 48వ పటాలం 1817 నుంచి 1824 దాకా ఇక్కడ ఉండి అదీ మద్రాసుకే పోయింది. 39వది 1832లో వెళ్లి, 1834లో కొడగు యుద్ధంలో పాల్గొంది. అంటే మన తాతముత్తాతలు దండులో చూసిన ఎర్రకోట్లలో కొందరు అంతకుముందు ఇక్కడ తుపాకి పట్టి తిరిగినవాళ్లే.

రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి. మక్వారీ 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు. అంతకుముందు కొచ్చిన్‌లో కొన్న జార్జి అనే బానిస కుర్రవాణ్ని నౌకరుగా సిడ్నీకీ వెంట తెచ్చుకున్నాడు. మోరిసెట్ సైన్యంలో చేరిన తొలినాళ్లు భారతదేశంలో, ఈజిప్టులో గడిచాయి. 39వ పటాలం గురించైతే ఒక రాత్రి సరిపోదు: కంపెనీది కాకుండా రాజుగారి సైన్యం నుంచి భారతదేశానికి వచ్చిన మొట్టమొదటి పటాలం అదే, 1754లో మద్రాసులో దిగింది. ప్లాసీలో మన మద్రాసు సిపాయిల పక్కనే నిలబడింది.

దత్తమండలం:
అంటే నేను చెప్పింది పూర్తిగా తప్పు కాదన్నమాట. పాలన పద్ధతి వేరైనా తుపాకి పట్టిన చేతులు అవే.

పటాలాల పిచ్చి:
అలా అంటే ఒప్పుకుంటాను. మాస్టారు కూడా ఒప్పుకుంటారేమో.

మెల్‌బోర్న్ మాస్టారు:
సగం ఒప్పుకుంటాను. మిగతా సగం మన్రోకి వదిలేస్తాను.

పాతరాతలు:
39వ పటాలం పేరు వచ్చింది కాబట్టి 1830 సంగతి కూడా చెప్పేస్తాను. ఈసారి తుపాకులు తిరిగింది తెల్లవాళ్ల మీదే. రాల్ఫ్ ఎంట్‌విసిల్ అనే ఖైదీ పనివాడు మక్వారీ నదిలో బట్టల్లేకుండా స్నానం చేస్తుంటే గవర్నర్ డార్లింగ్ పరివారం అటుగా వచ్చిందట. 50 కొరడా దెబ్బలు కొట్టారు. త్వరలో రావలసిన విడుదల చీటీ కూడా పోయింది. సెప్టెంబరులో అతను తోటి ఖైదీలను కూడగట్టి, రమ్మంటే రానన్న ఒక మేస్త్రీని కాల్చి చంపి, స్థావరం తర్వాత స్థావరం తిరుగుతూ గుంపు పెంచాడు. టోపీకి తెల్ల రిబ్బన్లు కట్టుకున్నందుకు 'రిబ్బన్ ముఠా' అన్నారు. ఊరి స్వచ్ఛంద దళం, అశ్విక పోలీసులు, సిడ్నీ నుంచి 39వ పటాలం వాళ్లు వెంటపడ్డారు. 1830 నవంబరు 2న పది మందిని బాథర్స్ట్‌లోనే ఉరి తీశారు. ఆ చోట ఇప్పుడొక సందు ఉంది, పేరు రిబ్బన్ గ్యాంగ్ లేన్. పిల్లను తీసుకెళ్లి చూపించండి.

సిడ్నీవాసి:
తప్పకుండా వెళ్తాం. విండ్రడైన్ సమాధి ఉందా? అది కూడా చూడవచ్చా?

తంగేడు:
ఉంది. బాథర్స్ట్‌కు ఉత్తరాన పీల్ దారిలో బ్రూస్‌డేల్ అనే పొలంలో. ఆ పొలం సటర్ కుటుంబానిది, అది సొంత ఆస్తి కాబట్టి ముందుగా అనుమతి అడగండి.

సటర్ల కథ కూడా వినదగ్గదే. 1824లో విండ్రడైన్ మనుషులు ఆయుధాలతో వాళ్ల గుడిసెను చుట్టుముట్టారు. గుమ్మంలో నిలబడింది ఇరవై ఏళ్లు కూడా నిండని విలియం సటర్. పారిపోలేదు, తుపాకి తీయలేదు, విరాజురి భాషలోనే మాట్లాడాడు. వాళ్లు తమలో తాము ఏదో అనుకుని అక్కడినుంచి వెళ్లిపోయారు. ఆ ఇంట్లో ఎవరినీ ముట్టుకోలేదు. సటర్ కొడుకు తర్వాత దీన్ని అచ్చులో పెట్టాడు.

సమాధి దగ్గర 1954లో స్థానిక చరిత్ర సంఘం పెట్టిన ఫలకం ఉంది. మీ అమ్మాయిని దాన్ని జాగ్రత్తగా చదవమనండి. మొదట భయపెట్టినవాడు, తర్వాత వలసదారులకు మిత్రుడు అంటుంది. నిజమైన దేశభక్తుడు అని కూడా అంటుంది. చనిపోయిన ఏడాది 1835 అని చెక్కారు. కానీ 1829లోనే అతని మరణవార్త సిడ్నీ పత్రికలో పడింది. ఆరేళ్ల తేడా రాతి మీద అలాగే ఉండిపోయింది.

ఎదురుగాలి:
రాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. బాథర్స్ట్ నడిబొడ్డున కింగ్స్ పెరేడ్ అనే తోటలో, దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధపు స్మారకం ఉంది. 1910 జనవరిలో బ్రిటిష్ సేనాని కిచ్‌నర్ వచ్చి ఆవిష్కరించాడు. ఆయన అంతకుముందు ఏడాది దాకా మన భారత సైన్యానికి సర్వసేనాని. అప్పుడు దాని మీద, ఆ యుద్ధానికి వెళ్లిన బాథర్స్ట్ కమ్మరి పీటర్ హాండ్‌కాక్ పేరు లేదు. బందీలను చంపాడన్న నేరం మీద 1902లో తోటి సైనికాధికారి మోరాంట్‌తో పాటు అతన్ని కాల్చి చంపారు. ఆ శిక్షకు సంతకం చేసింది కిచ్‌నరే. హాండ్‌కాక్ పేరు చెక్కింది 1964లో.

తంగేడు:
చూశారా, శిక్ష పడిన సైనికుడి పేరు ఆ రాయి మీదికి ఎక్కడానికి అరవై రెండేళ్లు పట్టింది. 1824లో చనిపోయిన విరాజురీలు ఏ రాయి మీదికీ ఎక్కలేదు. కాన్‌బెర్రాలోని యుద్ధ స్మారక సంస్థ ఇలాంటి సరిహద్దు పోరాటాలను మరింత విస్తృతంగా చూపిస్తామని 2022లో ప్రకటించింది. 2024 ఆగస్టు 14న, మార్షల్ లాకు రెండు వందల ఏళ్లు నిండిన రోజు, బాథర్స్ట్‌లో విరాజురి పెద్దల ఆధ్వర్యంలో స్మరణ జరిగింది.

సిడ్నీవాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. తన వ్యాసానికి 'రక్షణ ఎవరి నుంచి?' అనే పేరు పెడతానంటోంది. పెట్టుకోమన్నాను. ఇంకొక్క ప్రశ్న అడుగుతోంది: మోరిసెట్ జట్ల దగ్గర గుర్రాలు చాలలేదు కదా, తర్వాత ఇక్కడి గుర్రాలే భారతదేశానికి వెళ్లాయట, నిజమేనా?

పటాలాల పిచ్చి:
నిజమే తల్లీ! న్యూ సౌత్ వేల్స్ నుంచి వెళ్లాయి కాబట్టి వాటికి వేలర్లు అనే పేరు. మద్రాసులో, కలకత్తాలో దిగేవి. మద్రాసు సైన్యానికి వాటిని మచ్చిక చేసే కొట్టం హోసూరులో ఉండేది, మన తెలుగువాళ్లున్న ఊరే. మొదలుపెడితే ఆపను, ముందే చెబుతున్నాను.

నిర్వాహకులు:
ఆపరని మాకూ తెలుసు. అందుకే గుర్రాలకు వేరే చర్చ తెరిచాం. ఆ మాటలన్నీ అక్కడ రాయండి. బాథర్స్ట్ గురించి చెప్పేవారికి ఈ చర్చ తెరిచే ఉంటుంది.